స్టార్ ట్రెక్ టైమ్‌లైన్ మన చేత్తో మనమే కట్టుకోవాలంటే

అంతరిక్ష యాత్రల కథలు చెప్పే అమెరికన్ టీవీ సిరీస్‌లు, సినిమాల వరస స్టార్ ట్రెక్. అందులో రెండు మూడు సిరీస్‌లు పూర్తి చేశాక ఎవరికైనా ఈ పురుగు తొలచడం మొదలవుతుంది. అసలు ఏది ఎప్పుడు జరిగింది? మొదటి సిరీస్ కెప్టెన్ కిర్క్ తర్వాత ఎన్నేళ్లకి నెక్స్ట్ జనరేషన్ సిరీస్ కెప్టెన్ పికార్డ్ వచ్చాడు, విలన్ ఖాన్‌ని నిద్ర లేపింది ఏ సంవత్సరంలో, కిర్క్ ఓడ ఇంజనీరు స్కాటీ ఎన్నేళ్లు మాయమైపోయాడు? నెట్‌లో రెడీమేడ్ పట్టికలు బోలెడు ఉన్నాయి, అవి తప్పని నేను అనను. కానీ పట్టికలో 2267 అని ఉంటే ఆ అంకె ఎవరో పాత్ర నోటితో చెప్పిందా, లేక ఎవరో కూర్చుని లెక్కేసి పెట్టిందా అన్నది అక్కడ కనిపించదు. ఆ తేడా తెలియనంత కాలం రెండు ఎపిసోడ్‌లు కొట్టుకున్నప్పుడు దేన్ని నమ్మాలో మనకి తెలియదు. అందుకే సొంతంగా కట్టుకోమని చెప్తున్నాను. నేను రాత్రి భోజనాలయ్యాక రోజుకో ఎపిసోడ్ చూస్తూ, పక్కన ఎక్సెల్ షీట్ తెరిచి పెట్టుకుని చాలాకాలం చేసిన పని ఇది. అందులో రెండుసార్లు మొత్తం చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, మీకు ఆ అవస్థ రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్క సంగతి ఒప్పుకోవాలి. 1966లో మొదటి సిరీస్ మొదలైనప్పుడు కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో రాసేవాళ్లు కావాలనే తేల్చలేదు. అందుకే ఒక ఎపిసోడ్‌లో లెక్క ఒకలా, ఇంకో ఎపిసోడ్‌లో ఇంకోలా వస్తుంది. ఖాన్ మొదటిసారి కనిపించే ‘స్పేస్ సీడ్’లో అతను 1990ల నుంచి దాదాపు రెండు శతాబ్దాలు నిద్రపోయాడంటారు, అంటే 22వ శతాబ్దం చివర. ‘స్క్వైర్ ఆఫ్ గోథోస్’లో ట్రెలేన్ అనే గ్రహాంతరవాసి చూస్తున్నది తొమ్మిది వందల ఏళ్ల కిందటి భూమిని, అతనికి తెలిసింది నెపోలియన్ కాలం, అలా లెక్కేస్తే 27వ శతాబ్దం దాటుతుంది. ఈ రెండూ ఒకే సీజన్‌లో, నెల తేడాతో వచ్చాయి. 1982లో రెండో సినిమా మొదట్లో ‘23వ శతాబ్దంలో’ అని తెర మీద వేసేదాకా శతాబ్దం కూడా గట్టిగా తేలలేదు.

కాబట్టి షీట్‌లో ఎపిసోడ్‌కి ఒక వరస పెట్టొద్దు. నేను మొదటిసారి చేసిన తప్పు అదే. ఒక్కో మాటకి ఒక్కో వరస పెట్టండి. ఎవరన్నారు, ఏ ఎపిసోడ్, అది మన లోకంలో ఎప్పుడు ప్రసారమైంది, మాట ఏంటి, దాన్నిబట్టి ఆ సంఘటన మరీ ముందైతే ఏ సంవత్సరం, మరీ ఆలస్యమైతే ఏ సంవత్సరం. ఈ చివరి రెండు గడులే ప్రాణం. ఒక్క అంకె రాసేశారంటే అది మీ మెడకి చుట్టుకుంటుంది. రెండు హద్దులు రాసుకుంటే కొత్త ఎపిసోడ్ చూసినప్పుడల్లా ఆ హద్దులు దగ్గరవుతూ వస్తాయి.

మాటకో వరస ఎందుకంటే, నెక్స్ట్ జనరేషన్ మొదటి ఎపిసోడ్ ‘ఎన్‌కౌంటర్ ఎట్ ఫార్‌పాయింట్’ చూడండి. 1987లో వచ్చింది. అందులో డేటా అనే యంత్రమనిషి తాను అంతరిక్ష దళానికి శిక్షణ ఇచ్చే స్టార్‌ఫ్లీట్ అకాడమీలో ’78 బ్యాచ్ అంటాడు. అదే ఎపిసోడ్‌లో ఒకప్పటి కిర్క్ ఓడ డాక్టరు, ముసలి మెకాయ్ తన వయసు 137 అంటాడు. ఆ సీజన్ చివరి ఎపిసోడ్ ‘న్యూట్రల్ జోన్’లో డేటాయే ఇది 2364 అని తేల్చి చెప్తాడు. ఇప్పుడు వెనక్కి లెక్కేస్తే మెకాయ్ పుట్టింది 2227 దగ్గర, కిర్క్ యాత్ర మొదలయ్యేసరికి నలభైకి దగ్గర పడ్డ డాక్టరు, చక్కగా సరిపోయింది. డేటా ’78 మాత్రం ఎటు తిప్పినా కుదరదు. 2278 అనుకుంటే, అతను మొదట దొరికిందే 26 ఏళ్ల కిందట అని ‘డేటాలోర్’లో చెప్పారు, అంటే 2338. పుట్టకముందే పట్టా పుచ్చుకోడు కదా. ఒకే ఎపిసోడ్‌లో ఒక మాట నిలబడింది, ఒకటి పడిపోయింది. ఎపిసోడ్ మొత్తానికి ఒకే వరస పెట్టి ఉంటే మెకాయ్ వయసు కూడా డేటాతో పాటు కొట్టుకుపోయేది.

ఇక గుంజలు పాతాలి. గుంజ అంటే పాత్ర నోటి నుంచి సూటిగా మన క్యాలెండర్ సంవత్సరం వచ్చిన చోటు, లేదా తెర మీద స్పష్టంగా వేసిన సంవత్సరం. ఇవి మొత్తం ఫ్రాంచైజీలో మనం అనుకునేంత ఎక్కువేం లేవు. 1996 సినిమాలో జెఫ్రమ్ కాక్రేన్ మొదటి వార్ప్ (కాంతిని మించిన వేగం) ప్రయాణం, వల్కన్‌లనే గ్రహాంతరవాసులు భూమ్మీద దిగడం 2063 ఏప్రిల్ 5. ‘ఎంటర్‌ప్రైజ్’ సిరీస్ కెప్టెన్ ఆర్చర్ ఓడ బయల్దేరింది 2151. గ్రహాల కూటమి ఫెడరేషన్ ఏర్పడింది 2161. కిర్క్ ఐదేళ్ల యాత్ర ముగిసింది 2270, ఈ ఒక్క మాట వాయేజర్ సిరీస్‌లో ‘క్యూ2’ అనే ఎపిసోడ్‌లో ఇచెబ్ అనే కుర్రాడు పాఠం అప్పజెప్తూ అంటాడు, 2001లో. అంటే మొదటి సిరీస్ ప్రసారమైన ముప్పై ఐదేళ్లకి గానీ దానికి తెర మీద గుంజ పడలేదు! అంతకు ముందు అభిమానులు వాడింది 1993లో మైకేల్, డెనిస్ ఒకుడా వేసిన కాలక్రమం పుస్తకం. వాళ్ల పద్ధతి చాలా సులువు, ప్రసారమైన సంవత్సరానికి మూడు వందలు కలపడమే, 1967లో వచ్చింది 2267లో జరిగినట్టు. పద్ధతి మంచిదే, ఇచెబ్ మాటతో దాదాపు కలిసింది కూడా. కానీ షీట్‌లో 2267 పక్కన ‘ఊహ’ అని రాసుకోవాలి, 2270 పక్కన ‘చెప్పారు’ అని రాసుకోవాలి. ఆ తర్వాత 2364, వాయేజర్ మొదటి సీజన్‌లో 2371, డిస్కవరీ సిరీస్ మొదట్లో 2256. మిగతావన్నీ వీటికి తాడుతో కట్టినవే.

తాళ్లంటే ‘ఇన్నేళ్ల కిందట’ అనే మాటలు. తాడు పొడవు ఎప్పుడూ కచ్చితం కాదు, మనుషులు గుండ్రని అంకెల్లో మాట్లాడతారు. డీప్ స్పేస్ నైన్ సిరీస్ మొదటి ఎపిసోడ్‌లో వుల్ఫ్ 359 అనే చోట జరిగిన యుద్ధం చూపించి ‘మూడేళ్ల తర్వాత’ అని వేస్తారు. అక్కడే ఉన్న స్టార్‌డేట్‌లు, అంటే కథలో తేదీకి బదులు వాడే అంకెలు, 43997, 46379.1, తేడా 2382. స్టార్‌డేట్‌లో వెయ్యికి ఒక ఏడాది అనే మామూలు లెక్కన అది రెండేళ్ల ఐదు నెలలకి మించదు. మూడేళ్లన్నారని మూడు కూడకండి, రెండు నుంచి మూడున్నర అని హద్దులు పెట్టండి. మనం కూడా మా పెళ్లయి పదేళ్లయింది అంటాం, తొమ్మిదిన్నర అయినా పదకొండయినా.

తాళ్లు కలిపితే ఒక్కోసారి అందమైన లెక్క తేలుతుంది. ‘మెటమార్ఫసిస్’లో కాక్రేన్ 150 ఏళ్ల కిందట, 87వ ఏట మాయమయ్యాడంటారు. ఎపిసోడ్‌ని 2267 అనుకుంటే మాయమైంది 2117, పుట్టింది 2030. మరి 2063లో వార్ప్ ఓడ ఎక్కినప్పుడు అతని వయసు 33. సినిమాలో ఆ పాత్ర వేసిన జేమ్స్ క్రామ్‌వెల్‌కి అప్పటికి యాభై దాటింది, నెరిసిన జుట్టుతో కనిపిస్తాడు. ఇది తప్పు అని ఎర్ర రంగు పూయకండి. నటుడి వయసు పాత్ర వయసుకి సాక్ష్యం కాదు, ఇదొక నియమంగా పెట్టుకోండి, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

ఇప్పుడు అసలైన చిక్కుకి వద్దాం. స్టార్‌డేట్.

మన తెలుగు సంవత్సరాల పేర్లు తెలిసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పాత పుస్తకం చివర ‘నందన నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే అది 1952 కావచ్చు, 2012 కావచ్చు, చక్రంలో స్థానం చెప్తుంది తప్ప ఏ చక్రమో చెప్పదు. స్టార్‌డేట్ కూడా అంతే, గుంజ లేకుండా దానికి విలువ లేదు. మొదటి సిరీస్‌లో నాలుగంకెలు ఉంటాయి, అవి సంవత్సరం లెక్కకి పనికిరావు, ఏది ముందు ఏది వెనక అని చెప్పడానికి మాత్రం అక్కరకొస్తాయి. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ కిర్క్ ఓడ సిబ్బందిలో ఒకడైన చెకోవ్. రెండో సినిమాలో ఖాన్ చెకోవ్‌ని చూసి నీ ముఖం నాకు గుర్తుంది అంటాడు. కానీ ‘స్పేస్ సీడ్’ ప్రసారమైంది 1967 ఫిబ్రవరి, అప్పటికి చెకోవ్ పాత్రే సిరీస్‌లో లేదు. పెద్ద తప్పు దొరికిందని అందరూ చెప్పుకుంటారు. స్టార్‌డేట్‌లు చూడండి, ‘స్పేస్ సీడ్’ 3141.9. ఆ ఏడాది అక్టోబర్‌లో వచ్చిన ‘క్యాట్స్‌పా’ 3018.2, అందులో చెకోవ్ ఓడ మీద ఉన్నాడు. అంటే కథలో లెక్క ప్రకారం ఖాన్ వచ్చేటప్పటికే చెకోవ్ అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు, కెమెరా అతని వైపు తిరగలేదంతే. ప్రసారమైన వరస వేరు, కథ జరిగిన వరస వేరు, అందుకే షీట్‌లో రెండిటికీ విడివిడి గడులు ఉండాలి.

నెక్స్ట్ జనరేషన్ నుంచి ఐదంకెలు. రెండో అంకె సీజన్ నంబరు, సీజన్‌కి వెయ్యి. దాన్నుంచి అభిమానులు ఒక సూత్రం లాగారు, స్టార్‌డేట్‌ని వెయ్యితో భాగించి 2323 కలిపితే సంవత్సరం వచ్చేస్తుందని. 41986కి 2364 డిసెంబర్ ఆఖరు వస్తుంది, డేటా చెప్పిన 2364తో కలుస్తుంది, బాగుంది. నేను కూడా చాలాకాలం ఇదే షీట్‌లో ఫార్ములాగా పెట్టి కిందిదాకా లాగేశాను.

అది ‘డేటాస్ డే’ దగ్గర తెగింది. డేటా ఆ రోజు ఓడలో ఏమేం జరుగుతున్నాయో చిట్టా చెప్తుంటాడు, నాలుగు పుట్టినరోజులు, రెండు బదిలీలు, హిందువుల దీపాల పండుగ వేడుక, చదరంగం పోటీలు. నేను అన్నం కలుపుకుంటూ వింటున్నవాణ్ణి చెయ్యి ఆపేసి వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. దీపావళి! స్టార్‌డేట్ 44390.1. సూత్రం ప్రకారం అది 2367 మే 23. మే నెలలో దీపావళి ఏంటి? ఆశ్వయుజ అమావాస్య ఆ శతాబ్దంలో కూడా మే నెలలోకి రాదు, అధిక మాసం ఉన్నదే అందుకు. ఇంగ్లీషువాళ్ల చర్చల్లో ఈ ముక్క చదివి దాటిపోయేవాళ్లు ఉంటారేమో, ఏటా కాకరపువ్వొత్తులు కాల్చిన మనకి మాత్రం అది ఊరికే వదిలేసే మాట కాదు.

సరే ఒక పండుగ మీద అంత భారం వేయలేం కదా అని ఇంకో సాక్ష్యం కోసం వెతికాను. వాయేజర్ చివర్లో ‘హోమ్‌స్టెడ్’ అనే ఎపిసోడ్ ఉంది, అందులో వల్కన్‌లతో తొలి పరిచయానికి 315వ వార్షికోత్సవం జరుపుతారు. 2063కి 315 కలిపితే 2378, తేదీ ఏప్రిల్ 5. స్టార్‌డేట్ 54868.6. సూత్రం ఏం చెప్తోంది? 2377 నవంబర్ 14 అంటోంది. దాదాపు ఐదు నెలలు వెనకబడింది. దీపావళి దగ్గర కూడా సూత్రం ఐదు నెలలే వెనకబడింది! రెండు వేర్వేరు సిరీస్‌లు, పదేళ్ల తేడాతో రాసినవి, ఒకే వైపుకి ఒకే మేర తప్పుతున్నాయి. అప్పుడు అర్థమైంది, తప్పు ఎపిసోడ్‌లది కాదు, మనం జనవరి 1న స్టార్‌డేట్ ఏడాది మొదలవుతుందని అనుకోవడంలో ఉంది. ఆ మాట తెర మీద చెప్పి ఉంటే కదా నమ్మడానికి.

‘హోమ్‌స్టెడ్’ని గుంజగా పెట్టి వెనక్కి రండి. స్టార్‌డేట్ ఏడాది మే నెల చివర్లో మొదలవుతుంది. వాయేజర్ మొదటి సీజన్ ‘ఐ ఆఫ్ ద నీడిల్’, 48579.4, 2371 డిసెంబర్ మూడో వారంలో పడుతుంది, పాత్రలు చెప్పిన 2371తో కలిసింది. ‘డేటాస్ డే’ 2367 అక్టోబర్ 12 అవుతుంది. అమావాస్యకి ఇంకో వారమో పది రోజులో, లేక నెలో తేడా రావచ్చు, కానీ మే నెలతో పోలిస్తే అది తేడాయే కాదు, చలిగాలి మొదలై మార్కెట్లో ప్రమిదలు కనిపించే రోజులకి వచ్చేశాం. చెడిందల్లా ఒక్కచోటే, ‘న్యూట్రల్ జోన్’ 2365 మే నెలకి జారిపోతుంది, డేటా చెప్పింది 2364.

ఇలాంటప్పుడు ఏం చేయాలన్నదే ఈ మొత్తం పనిలో ముఖ్యమైన నిర్ణయం, మీరు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది పెట్టుకోండి. ముందు వదులుకోవాల్సింది మన సూత్రాన్ని, పాత్ర మాటని కాదు. వెయ్యికి కచ్చితంగా ఒక ఏడాది అని ఏ పాత్రా చెప్పలేదు, మనమే అనుకున్నాం. అందుకే నా షీట్‌లో 2364 గుంజ అలాగే ఉంది, 41986కీ 44390కీ మధ్య మాత్రం స్టార్‌డేట్ కాస్త నెమ్మదిగా నడిచిందని, ఏడాదికి 860 దగ్గరని పెట్టాను. అక్కణ్ణుంచి ‘హోమ్‌స్టెడ్’ దాకా ఏడాదికి సరిగ్గా వెయ్యి వస్తోంది. మీరు ఇంకోలా సర్దుకోవచ్చు, కానీ ఏది సర్దినా ఆ గడి పక్కన ఎందుకు సర్దారో ఒక ముక్క రాయండి, ఆర్నెల్ల తర్వాత మీకే గుర్తుండదు.

పండుగలు ఇంకా ఉన్నాయి, వదలకండి. ‘చార్లీ ఎక్స్’లో ఈ రోజు భూమ్మీద థ్యాంక్స్‌గివింగ్ అంటాడు కిర్క్, స్టార్‌డేట్ 1533.6. అది అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం. మొదటి సిరీస్‌లో నెల దొరికే చోట్లు చాలా తక్కువ కాబట్టి అది బంగారం లాంటి ముక్క.

ఇక సర్దుబాటుకి లొంగని గొడవలు. వీటిని ఒకే గంపలో వేయకండి. కొన్ని గుండ్రని అంకెల్లో మాట్లాడటం వల్ల వచ్చేవి. రెండో సినిమాలో ఖాన్ పదిహేనేళ్లు ఇక్కడ పడున్నాను అంటాడు, 1967 నుంచి 1982కి నిజంగానే పదిహేను. కానీ అదే సినిమాలో మెకాయ్ తెచ్చిన రోములన్ (ఇంకో గ్రహాంతర జాతి) సారా సీసా మీద 2283 అని ఉంది, 2267కి 15 కలిపితే 2282. సినిమా 2283కి ముందు కాకూడదు, అందరూ 2285 అంటారు, పదిహేను అన్నది పద్దెనిమిదికి దగ్గర అనుకోవాల్సిందే.

కొన్ని రాసేవాళ్లు తర్వాత కథగా మార్చి తీర్చినవి. పాత సిరీస్‌లో క్లింగాన్‌లనే గ్రహాంతర జాతికి నుదుటి మీద గట్లు లేవు, 1979 సినిమా నుంచి ఉన్నాయి. 1996లో వార్ఫ్ అనే క్లింగాన్‌ని అడిగితే బయటివాళ్లతో ఆ సంగతి మాట్లాడం అన్నాడు, 2005లో ఆర్చర్ సిరీస్ ఒక వైరస్ కథతో కారణం చెప్పింది. ఇలాంటివాటికి పచ్చ రంగు వేయండి, తీరిపోయాయి. ఖాన్ లాంటి జన్యు మార్పిడి మనుషుల వల్ల వచ్చిన యూజెనిక్స్ యుద్ధాలు కూడా ఈ కోవే. ‘స్పేస్ సీడ్’ ప్రకారం అవి 1990ల్లో జరగాలి, 1996లో ముగియాలి. 1996లోనే వచ్చిన వాయేజర్ ‘ఫ్యూచర్స్ ఎండ్’లో ఆ ఏటి లాస్ ఏంజలెస్ మామూలుగా, ఎండలో హాయిగా కనిపిస్తుంది. 2023లో స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ సిరీస్ ఒక రోములన్ గూఢచారి నోటితో చెప్పించింది, ఇదంతా 1992లో జరగాల్సింది, కాలంలో జోక్యాల వల్ల వాయిదా పడిందని. కొంతమందికి ఈ వివరణ నచ్చలేదు. నాకు నచ్చింది, ఎందుకంటే పాత మాటని అబద్ధం చేయకుండా కొత్తదానికి చోటిచ్చింది. షీట్‌లో ఆ సంఘటనకి రెండు వరసలు పెట్టండి, ‘మొదట’, ‘మారాక’ అని.

2009 సినిమా నుంచి మొదలయ్యే మూడు సినిమాలకి వేరే షీటే పెట్టండి. 2387 నుంచి వెనక్కి వెళ్లిన నీరో అనే విలన్ 2233లో చరిత్రని చీల్చాడు, 2233కి ముందుదంతా ఉమ్మడి, తర్వాత దేని దారి దానిది. వాటి స్టార్‌డేట్ కూడా సూటిగా సంవత్సరమే, మిగతావాటితో కలిపితే లెక్కలన్నీ పాడవుతాయి. డిస్కవరీ ఓడ 32వ శతాబ్దానికి దూకడం వినడానికి భయంగా ఉంటుంది గానీ షీట్‌లో అది అన్నిటికంటే సుఖం, ఆ శతాబ్దంలో ఢీకొనడానికి పాత సిరీస్‌లేవీ లేవు.

చివరికి ఏ రంగూ పూయలేనివి కొన్ని మిగులుతాయి. నాకు మిగిలినవాటిలో మనసుకి దగ్గరైంది ‘రెలిక్స్’. స్కాటీ మనుషుల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే ట్రాన్స్‌పోర్టర్ యంత్రంలో 75 ఏళ్లు ఇరుక్కుపోయి 2369లో బయటికొస్తాడు, అంటే ఇరుక్కున్నది 2294. తనని కాపాడింది ఎంటర్‌ప్రైజ్ అనగానే, జిమ్ కిర్కే ఆ పాత ఓడని బయటికి తీసి నాకోసం వచ్చుంటాడు అంటాడు, ముఖం వెలిగిపోతుంది. కానీ రెండేళ్ల తర్వాత వచ్చిన 1994 సినిమాలో, 2293లో, కిర్క్ పోయాడని తెలిసినప్పుడు స్కాటీ అక్కడే, కిర్క్ ఎక్కిన ఓడ మీదే ఉన్నాడు. అన్నేళ్లు ఇరుక్కుని బయటికొచ్చిన మనిషికి ఆ క్షణంలో మతి స్థిమితం లేదనుకోవచ్చు, చాలామంది అలాగే సర్దుకుంటారు. నేను ఆ గడి ఎర్రగానే ఉంచాను, పక్కన ఇలా రాసుకున్నాను: ‘స్కాటీ మరిచిపోయాడు. మళ్లీ చూడాలి.’